ఏ బంతి వేయాలో ఎవరు చెప్పాలి?

పదకొండేళ్ల క్యాచర్ ప్రతి బంతికీ ముందు తల తిప్పి డగౌట్ వైపు చూస్తుంది. కోచ్ మూడంకెలు అరుస్తాడు: రెండు, నాలుగు, ఒకటి. క్యాచర్, పిచ్చర్ ఇద్దరూ మణికట్టుకు కట్టుకున్న పట్టీలోని గళ్ల కాగితం మీద వేలు జరుపుతూ ఆ గడి కోసం వెతుకుతారు. అందులో ఉన్నది చేంజప్, ప్లేటుకు బయటి వైపు, కింద. పిచ్చర్ చెయ్యి గుండ్రంగా తిప్పి వేస్తుంది. బంతి క్యాచర్ గ్లవ్‌లో పడగానే మళ్లీ రెండు తలలూ డగౌట్ వైపు తిరుగుతాయి. అమెరికాలో అమ్మాయిల ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో, ముఖ్యంగా ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ జట్లలో, ఇది మామూలైపోయింది. శని, ఆదివారాల్లో పిల్లల్ని టోర్నమెంట్లకు తిప్పే తెలుగు తల్లిదండ్రులకూ ఇది అలవాటైన వ్యవహారమే.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఫలానా బ్యాటర్‌కు ఫలానా కౌంట్‌లో (బాల్స్, స్ట్రైకుల లెక్కలో) ఏ బంతి సరైనది అన్నది మొదటిది. దాన్ని ఎంచాల్సింది ఎవరు అన్నది రెండోది. మొదటిదానికి కోచ్‌ల అనుభవం, భౌతికశాస్త్రం, బ్యాటర్ల చూపు మీద జరిగిన పరిశోధన కలిసి చాలావరకు జవాబు చెబుతున్నాయి. రెండోదాని మీద వాదనలే ఎక్కువ. నా అభిప్రాయం ముందే చెబుతాను. పిల్లల జట్లు ఈ రెండు జవాబుల్నీ కాలేజీ ఆట నుంచి అరువు తెచ్చుకుంటున్నాయి. పన్నెండేళ్ల పిల్లకు ఆ రెండూ నప్పవు.

ముందు కొలతలు చూద్దాం. పదేళ్ల లోపు పిల్లలు 35 అడుగుల నుంచి, 11 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతితో వేస్తారు. పన్నెండేళ్ల లోపు వాళ్లకు 40 అడుగులు, 12 అంగుళాల బంతి. ఆ పైన హైస్కూల్, కాలేజీ, ఒలింపిక్స్ దాకా 43 అడుగులే. క్రికెట్ పిచ్ 66 అడుగులని గుర్తుచేసుకుంటే ఇది ఎంత దగ్గరో తెలుస్తుంది. పైగా పిచ్చర్ పెద్ద అంగ వేసి తుంటి పక్క నుంచి బంతి వదిలేసరికి నాలుగైదు అడుగులు ముందుకు వచ్చేసి ఉంటుంది. 40 అడుగుల నుంచి గంటకు 50 మైళ్ల వేగంతో వేసిన బంతి ప్లేటు చేరడానికి అర సెకను కూడా పట్టదు. 43 అడుగుల నుంచి వేసిన 60 మైళ్ల బంతికి 0.42 సెకను చాలు.

ఆ కాస్త సమయంలో కన్ను ఏం చేయగలదు? 1984లో టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ బేస్‌బాల్ బ్యాటర్ల కంటి కదలికలు కొలిచి, బంతి బ్యాట్‌కు తగిలేదాకా చూపు దాని వెంట పోలేదని తేల్చారు. ఊపాలా వద్దా, ఎక్కడ ఊపాలి అన్నది బంతి ఇంకా దారిలో ఉండగానే నిర్ణయమైపోతుంది. మిగిలిన దారంతా బ్యాటర్ ఊహ. ఆ ఊహ ఎంత గట్టిదో 2004లో సాఫ్ట్‌బాల్ పిచ్చర్ జెనీ ఫించ్ ఒక ప్రదర్శన ఆటలో చూపించింది. ఆల్బర్ట్ పుహోల్స్, మైక్ పియాజా, బ్రయన్ జైల్స్ లాంటి మేజర్ లీగ్ బ్యాటర్లను స్ట్రైకవుట్ చేసింది. వాళ్లు రోజూ 90 మైళ్లు దాటిన బంతులు ఎదుర్కొనేవాళ్లే. కానీ ఆ బంతులు ఎత్తైన దిబ్బ మీద నుంచి, భుజం పైనుంచి కిందికి వస్తాయి. తుంటి పక్క నుంచి, దగ్గర నుంచి వచ్చే బంతికి వాళ్ల దగ్గర ఊహే తయారుగా లేదు. పిచింగ్ వ్యూహమంటే మొత్తం మీద ఆ ఊహను దారి తప్పించడమే.

దానికి అన్నిటికంటే తేలికైన సాధనం చేంజప్. చెయ్యి ఫాస్ట్‌బాల్ వేసినంత జోరుగానే తిరుగుతుంది, బంతి మాత్రం పది మైళ్లు తక్కువ వేగంతో వస్తుంది. 40 అడుగుల నుంచి 50 మైళ్ల బంతికీ 40 మైళ్ల బంతికీ మధ్య తేడా సెకనులో ఎనిమిదో వంతు. బంతి వచ్చేసరికి బ్యాట్ ఊపు అయిపోయి ఉంటుంది. అయితే చాలామంది పిల్లలు చేంజప్ వేసేటప్పుడు చేతిని కూడా నెమ్మది చేసేస్తారు. అప్పుడది ఎవరినీ మోసం చేయదు, పదేళ్ల బ్యాటర్ కూడా పసిగట్టేస్తుంది. ఇంకొందరు ఆ పట్టు దొరకబుచ్చుకోడానికి గ్లవ్ లోపల వేళ్లు అటూ ఇటూ కదుపుతారు. మొదటి బేస్ దగ్గర నిలబడ్డ అవతలి కోచ్‌కు అది చాలు, ఒక్క మాటతో బ్యాటర్‌ను హెచ్చరిస్తాడు. అందుకే మంచి కోచ్‌లు ఏ బంతి వేసేటప్పుడైనా ముందు చేంజప్ పట్టే పట్టుకోమని, తర్వాత మార్చుకోమని నేర్పుతారు.

చేంజప్ ఎవరికి వేయకూడదన్నది కూడా అంతే ముఖ్యం. ఫాస్ట్‌బాల్‌కు బ్యాట్ అందుకోలేక ఆలస్యంగా ఊపుతున్న ఎనిమిదో, తొమ్మిదో బ్యాటర్‌కు చేంజప్ వేస్తే, ఆ పిల్లకు సరిపోయే వేగాన్ని మనమే అందించినట్టు. అంతకుముందు బ్యాటర్‌కు పనిచేసింది కదా అని అదే గడి మళ్లీ పిలిచే కోచ్‌లను ప్రతి టోర్నమెంట్‌లోనూ చూస్తాం.

ఇక బంతి రకాల జాబితా. డ్రాప్, కర్వ్, స్క్రూ, రైజ్ అంటూ పదకొండేళ్ల పిల్ల ఐదారు పేర్లు చెబుతుంది, తల్లిదండ్రులు మురిసిపోతారు. బంతి గాల్లో వంగాలంటే దాని తిరుగుడు అది వెళ్లే దిశకు అడ్డంగా ఉండాలి. తుపాకీ గుండులా ముందుకు వెళ్తూ అదే ఇరుసు మీద తిరిగితే ఎంత వేగంగా తిరిగినా పెద్దగా వంగదు. ఈ వయసులో కర్వ్, రైజ్ అని పిలిచే బంతుల్లో చాలావరకు ఈ గుండు తిరుగుడే ఉంటుంది. అవి బయటి వైపో పైకో గురిపెట్టి వేసిన ఫాస్ట్‌బాళ్లు మాత్రమే. రైజ్ గురించి మరో మాట. పెద్దవాళ్లు వేసినా అది ప్లేటు దగ్గర ఉన్నట్టుండి పైకి ఎగరదు. 0.42 సెకనులో గురుత్వాకర్షణ ఏ బంతినైనా దాదాపు రెండు ముప్పావు అడుగులు కిందికి లాగుతుంది. వెనక్కి తిరిగే తిరుగుడు ఆ పాతాన్ని తగ్గిస్తుంది. తుంటి దగ్గర నుంచి పైకి గురిపెట్టి వేసిన బంతి, తాను ఊహించినంత పడకపోయేసరికి, ఎగిరినట్టు బ్యాటర్ కంటికి కనిపిస్తుంది. అంత తిరుగుడు తెప్పించే బలం, మణికట్టు కుదురు చాలామందికి హైస్కూల్ వయసులోగానీ రావు. ముందుకు తిరిగే డ్రాప్‌కు గురుత్వాకర్షణ తోడు ఉంటుంది కాబట్టి అది ముందే చేతికొస్తుంది. ఫాస్ట్‌బాల్, చేంజప్, ఆ తర్వాత డ్రాప్. పన్నెండేళ్ల లోపు పిల్లకు ఈ మూడూ చాలని నా నమ్మకం. ఈ మూడింటినీ ప్లేటుకు రెండు వైపులా, పైనా కిందా వేయగలిగితే అది పెద్ద ఆయుధాగారమే.

అలా వేయగలగడమే కష్టం. పదేళ్ల లోపు ఆటల్లో పరుగుల్లో ఎక్కువ భాగం కొట్టినవి కావు, వాక్‌లతో, క్యాచర్‌ను దాటిపోయిన బంతులతో వచ్చినవి. అక్కడ "బయటి వైపు, మోకాలి ఎత్తు" అని పిలవడం దాదాపు అర్థం లేని పని. పిచ్చర్‌కు ఇంకా ఆ గురి లేదు. మొదటి బంతి స్ట్రైక్ వేయడమే అక్కడ వ్యూహమంతా. నియమాల్లో స్ట్రైక్ జోన్ చంక నుంచి మోకాలి పైభాగం వరకు అని రాసి ఉన్నా, చిన్నపిల్లల ఆటలో అంపైర్ దాన్ని పక్కలకు కాస్త పెంచి ఇస్తాడు. ఎంత పెంచాడో మొదటి ఇన్నింగ్స్‌లోనే కనిపెట్టిన క్యాచర్, గడులు చదివే క్యాచర్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

గురి కుదిరాక ఆట మారుతుంది. ఒక్క బ్యాటర్‌ను తీసుకుందాం. కుడిచేతి వాటం, జట్టులో మూడో స్థానం, ప్లేటుకు దగ్గరగా నిలబడింది. మొదటి బంతి లోపలి వైపు ఫాస్ట్‌బాల్. గట్టిగా ఊపింది, బంతి మూడో బేస్ గీత బయట ఫౌల్‌గా దూసుకుపోయింది. గ్యాలరీలో అందరూ గుండెలు పట్టుకుంటారు. క్యాచర్‌కు మాత్రం అదొక సమాచారం: ఈ పిల్ల తొందరపడుతోంది. అదే బంతి మొదటి బేస్ వైపు ఫౌల్ అయి ఉంటే ఆలస్యమైందని అర్థం, అప్పుడు ఇంకో ఫాస్ట్‌బాల్ వేయొచ్చు. ఇక్కడ తొందర ఉంది కాబట్టి రెండోది చేంజప్, బయటి వైపు, కింద. ఊపు ముందే అయిపోయింది, రెండో స్ట్రైక్. ఇప్పుడు బ్యాటర్ రెండు పనులు చేస్తుంది: బ్యాట్‌ను కాస్త పైకి పట్టుకుంటుంది, కింది బంతి కోసం చూపు దించుతుంది. కాబట్టి మూడోది ఫాస్ట్‌బాల్, ఛాతీకి పైన. ఊపితే అవుట్, ఊపకపోయినా చూపు పైకి లేచింది. నాలుగోది డ్రాప్. మోకాలి దగ్గర స్ట్రైక్‌లా బయల్దేరి ప్లేటు దగ్గర కిందికి జారుతుంది. బ్యాట్ పైభాగానికి తగలడంతో బంతి రెండో బేస్ వైపు దొర్లుతుంది. నాలుగు బంతుల్లో ఏ ఒక్కటీ అసాధారణమైనది కాదు. ప్రతిదీ ముందుదాని జవాబు చూసి ఎంచినది, అంతే.

పరిస్థితులు ఈ లెక్కను మారుస్తాయి. మూడో బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు నేలకు తగిలే డ్రాప్ పిలవాలా? అది పిచ్చర్ నైపుణ్యం కంటే క్యాచర్ మోకాళ్ల మీద ఆధారపడిన ప్రశ్న. బంతిని ఒంటితో ఆపగల క్యాచర్ ఉంటేనే ఆ బంతి వ్యూహం, లేకపోతే అవతలి జట్టుకు ఉచితంగా ఇచ్చిన పరుగు. ఎడమచేతి వాటంతో పరుగెడుతూ బంతిని తాకించే స్లాపర్లు వచ్చినప్పుడు చేంజప్ బాగా పనిచేస్తుంది. వాళ్ల అడుగులు ఫాస్ట్‌బాల్‌కు అలవాటుపడి ఉంటాయి, బంతి ఆలస్యమైతే బ్యాటర్ నిలబడే పెట్టె గీత దాటిపోతారు. పాదం పూర్తిగా బయట నేల మీద ఉండగా బంతి తాకితే అవుట్.

ఈ కొలిచి చూసిన జ్ఞానమంతా ఒక్కచోట ఎదురుతిరుగుతుంది. ప్రతి పరిస్థితికీ ఒకే సరైన బంతి ఉందనుకుంటే, ఆ సరైన బంతి అవతలివాళ్లకూ తెలిసిపోతుంది. 2009లో కెనెత్ కోవాష్, స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్తలు మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో లక్షలాది బంతులు పరిశీలించారు. పిచ్చర్లు ఫాస్ట్‌బాల్ అవసరానికి మించి వేస్తున్నారని, ఒక రకం వేశాక మరో రకానికి మారడం ఉండాల్సినదానికంటే ఎక్కువగా జరుగుతోందని వాళ్లకు తేలింది. మనిషి ఎప్పటికప్పుడు మార్చి మార్చి వేయాలనుకున్నప్పుడు ఆ మార్పే ఒక అలవాటై దొరికిపోతాడు. పిల్లల ఆటలో ఇది ఇంకా తేటతెల్లం. మొదటి బంతి ఎప్పుడూ ఫాస్ట్‌బాల్, రెండు స్ట్రైకులయ్యాక ఎప్పుడూ ఎత్తు బంతి. మూడో ఇన్నింగ్స్‌కల్లా అవతలి డగౌట్‌లో కూర్చున్న అమ్మాయిలు వచ్చే బంతిని ముందే చెప్పేస్తుంటారు. డగౌట్ నుంచి పిలిచే కోచ్‌లు దీనికి అతీతులేం కాదు. ఒకే మనిషి ఏడాదంతా పిలుస్తాడు కాబట్టి ఆయన అలవాట్లు త్వరగా ముదురుతాయి.

ఇక రెండో ప్రశ్న, ఎవరు పిలవాలి? కోచ్ పిలవాలనేవాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. ముందు ఆటల్లో ఏ బ్యాటర్ ఎటు కొట్టిందో కోచ్ దగ్గర రాసి ఉంటుంది. క్యాచర్‌కు ఆపడం, రన్నర్లను చూసుకోవడం, బేస్‌లకు విసరడం అనే బరువు ఎలాగూ ఉంది. వీటికంటే నాకు గట్టిగా తోచే వాదన ఒకటుంది: కోచ్ పిలిచిన బంతిని ఎవరైనా కొడితే నింద ఆయన మీద పడుతుంది, పదకొండేళ్ల పిల్ల మీద పడదు. కన్నీళ్లు తెలిసినవాళ్లెవరూ దీన్ని కాదనరు.

అయినా డగౌట్ నుంచి కనిపించని సంగతులు చాలా ఉన్నాయి. పక్క నుంచి చూసేవాడికి బంతి ఎత్తు తెలుస్తుంది. లోపలి వైపు పడిందా బయటి వైపా అన్నది సరిగ్గా తెలియదు. బ్యాటర్ పాదాలు అరంగుళం వెనక్కి జరిగాయా, పిడికిలి బిగిసిందా, ఊపిరి ఎలా తీస్తోంది అన్నవి చేతికందేంత దూరంలో కూర్చున్న క్యాచర్‌కే కనిపిస్తాయి. ఇవాళ డ్రాప్ చేతికి కుదరడం లేదన్నది పిచ్చర్ వేళ్లకే తెలుసు. మన క్రికెట్‌లో ఏ బంతి వేయాలో బౌలర్, కెప్టెన్, కీపర్ మైదానంలోనే తేల్చుకుంటారు. గల్లీలో ఆడే పదేళ్ల పిల్లవాడు కూడా యార్కర్ వేయాలా స్లో బంతి వేయాలా అని తనే ఆలోచిస్తాడు, దెబ్బ తింటాడు, మళ్లీ ఆలోచిస్తాడు. ఆ ఆటతో పెరిగిన తెలుగు తండ్రులకు అమెరికా మైదానంలో ఈ అంకెల పిలుపు మొదట వింతగా తోచడం సహజం. ఆ వింత భావన సరైనదేనని నేనంటాను.

కాలేజీలో కోచ్‌లు పిలవడానికి కారణం స్పష్టం. వాళ్ల ఉద్యోగం గెలుపు మీద నడుస్తుంది, ప్రతి బ్యాటర్ మీదా వీడియో ఉంటుంది. ఈ మధ్య డగౌట్ నుంచి మాట పంపే ఎలక్ట్రానిక్ పరికరాలకూ అక్కడ అనుమతి వచ్చింది. పన్నెండేళ్ల జట్టుకు ఆ వీడియో లేదు, ఆ ఉద్యోగమూ లేదు. అక్కడ శనివారం ఆట గెలవడం ఒక ఆనందం. మూడేళ్ల తర్వాత బ్యాటర్‌ను చదవగల పిచ్చర్, క్యాచర్ తయారవడం అంతకంటే పెద్ద పని. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అంకెలు మాత్రమే చదివిన పిల్లకు ఆ చదువు హఠాత్తుగా రాదు.

నింద భయానికి విరుగుడు మొత్తం తీసేసుకోవడం కాదు, మెల్లగా అప్పజెప్పడం. నేను మెచ్చుకునే కోచ్‌లు చేసేది ఇలా ఉంటుంది. పదేళ్లప్పుడు క్యాచర్ కేవలం గ్లవ్ పెట్టి చోటు చూపిస్తుంది. పన్నెండుకు రెండు స్ట్రైకులు పడేదాకా కోచ్ పిలుస్తాడు, ఆ తర్వాత ఆ పిల్లలదే. పద్నాలుగుకు వాళ్లే పిలుస్తారు, కోచ్ కీలకమైన ఒకటి రెండు చోట్ల మాత్రమే కల్పించుకుంటాడు. వద్దని తల ఊపే హక్కు పిచ్చర్‌కు మొదటి రోజు నుంచీ ఉంటుంది. ఇన్నింగ్స్ ముగిశాక "ఎందుకు వేశావు?" అని అడుగుతాడు, గొంతులో తప్పు పట్టే ధ్వని లేకుండా. వేసినదానికి ఒక కారణం చెప్పగలిగితే చాలు, బంతి కంచె దాటి పోయినా సరే. సాధనలో ఊహల బ్యాటర్లను నిలబెట్టి, కౌంట్ చెప్పి, క్యాచర్ చేతే పిలిపిస్తాడు. ఆడని అమ్మాయిలు బెంచి మీద కూర్చుని ప్రతి బంతీ, ప్రతి ఫౌల్ దిశా కాగితం మీద రాస్తారు. దీనికి డబ్బు ఖర్చేమీ లేదు. స్కూల్ గేమ్స్ కోసం ఆంధ్ర, తెలంగాణ బడుల్లో జట్లు తయారుచేసే వ్యాయామ ఉపాధ్యాయులు కూడా రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

వ్యూహం గురించి రాసేవాళ్లు తరచూ వదిలేసే విషయం చెయ్యి. చెయ్యి కింది నుంచి తిప్పడం సహజమైన కదలిక, ఎంత వేసినా నొప్పి రాదు అన్న నమ్మకం చాలాకాలం చలామణి అయింది. 1998లో స్టీవెన్ బారెంటైన్ బృందం చేసిన కొలతల్లో భుజం, మోచేతి మీద పడే ఒత్తిడి బేస్‌బాల్ పిచ్చర్లతో పోల్చదగినంత ఉందని తేలింది. 2005లో షెర్రీ వెర్నర్ బృందం చిన్న వయసు పిచ్చర్లనే పరిశీలించి భుజం మీద పడే బలాలు ఎక్కువేనని చూపించింది. 2009లో మరో బృందం చెయ్యి గుండ్రంగా తిప్పి వేసే ఈ విండ్‌మిల్ పద్ధతిలో భుజం ముందున్న బైసెప్స్ కండరం పైనుంచి విసిరినప్పటి కంటే ఎక్కువ పనిచేస్తుందని కనుగొంది. పిచ్చర్లు చెప్పే నొప్పి చాలావరకు అక్కడే.

ఇంత తెలిసినా నియమాలు వెనకబడే ఉన్నాయి. లిటిల్ లీగ్ 2007 నుంచి బేస్‌బాల్ అబ్బాయిలకు బంతుల లెక్క పెట్టింది. 11, 12 ఏళ్లవాళ్లకు రోజుకు 85. అదే సంస్థలో సాఫ్ట్‌బాల్ అమ్మాయిలకు ఉన్నది ఇన్నింగ్స్ లెక్క, అదీ రోజుకు పన్నెండు వరకు. క్రీడా వైద్యుల సూచన ప్రకారం 10 నుంచి 12 ఏళ్ల పిల్ల ఒక ఆటలో 65, రోజుకు 95 బంతులు దాటకూడదు, వరుసగా మూడో రోజు అసలు వేయకూడదు. 13, 14 ఏళ్లకు ఆటకు 80, రోజుకు 115. శని, ఆదివారాల్లో నాలుగైదు ఆటలుండే టోర్నమెంట్‌లో ఒకే పిచ్చర్ మీద ఆధారపడిన జట్టు ఈ గీతను శనివారం మధ్యాహ్నానికే దాటేస్తుంది.

అలసట ఎంపికను కూడా పాడుచేస్తుంది. కాళ్లు బరువెక్కితే డ్రాప్ జారదు, రైజ్ నడుము ఎత్తులోనే ఆగిపోతుంది. పైగా ఒకే పిచ్చర్‌ను మూడోసారి, నాలుగోసారి చూసిన బ్యాటర్‌కు ఊహ స్థిరపడుతుంది. 2025 కాలేజీ ప్రపంచ సిరీస్‌లో టెక్సస్ టెక్ తరఫున నైజరీ కెనడీ చివరి ఆట దాకా ప్రతి బంతీ తనే వేసింది. టెక్సస్‌తో జరిగిన ఆ చివరి ఆటలో మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు పరుగులు పోయాయి, ఆమెను తప్పించాల్సి వచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు ఆటలకు 413 బంతులు వేసి బంగారు పతకం తెచ్చింది. ఆ అంకె జపాన్‌లో ఒక గాథ అయింది, చాలా దేశాల్లో కోచ్‌లకు ఆదర్శమూ అయింది. 2021లో టోక్యోలో అదే ఉఎనో, 39వ ఏట, మళ్లీ ఫైనల్ ఆడింది. ఆరో ఇన్నింగ్స్‌లో ఆమె స్థానంలో ఇరవై ఏళ్ల మియు గోతో వచ్చి గండం గట్టెక్కించింది, చివరి ఇన్నింగ్స్‌కు ఉఎనో తిరిగి వచ్చింది. జపాన్ 2–0తో గెలిచింది. పిల్లల కోచ్‌లు గోడ మీద రాసుకోవాల్సింది ఈ రెండో ఆట.

కాబట్టి డగౌట్‌లో కోచ్ చేతిలో గళ్ల కాగితం కంటే ముందు ఉండాల్సింది బంతుల లెక్క. అందులో ఆటలో వేసినవే కాక ఆటకు ముందు వేడెక్కడానికి వేసినవి, వారం మధ్యలో విడిగా పాఠానికి వెళ్లి వేసినవి కూడా కలవాలి. చాలా ఇళ్లలో పాఠం చెప్పే కోచ్ వేరు, జట్టు కోచ్ వేరు, ఇద్దరూ మాట్లాడుకోరు. ఆ లెక్క మొత్తం తెలిసేది బండి నడుపుతూ తిప్పే అమ్మానాన్నలకే. ఏ బంతి వేయాలన్నది పిల్లలకు వదిలేయొచ్చు. ఇక చాలు అన్నది మాత్రం పెద్దవాళ్లే, ఆట ఏ కౌంట్‌లో ఉన్నా, చెప్పాలి.